నవాబు అలీ నవాజ్ జంగ్

మంజీరానది మహారాష్ట్రమునందలి బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమును స్పృశించి, తెలంగాణమున ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. వానకాలమున ఈ నది ఒడ్డులను ఒరసి ప్రవహించును. వేసవిలో ఇసుక మేటలు తప్ప మరేమియు కానరావు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, బోధను ప్రాంతముల రైతులు తరతరములుగా చెరువులను, కుంటలను, బావులను నమ్ముకొని జీవించిరి. వాన కురిసిన యేడు పంట పండెడిది. కురియని యేడు గాదె ఖాళీ అయ్యెడిది. కన్నుల యెదుటనే నది సాగిపోవుచున్నను, దాని నీరు వారి పొలములకు దక్కలేదు. ఆ నీటిని నిలిపి పొలములకు మరలించిన మహనీయుడు నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877వ సంవత్సరము జులై 11వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. తండ్రి నిజాము ప్రభుత్వమున ఉద్యోగి. బాలుడు హైదరాబాదులోనే విద్యాభ్యాసము చేసి, నిజాం కళాశాలలో చదివెను. గణితమునందును, ప్రకృతి శాస్త్రములందును ఆయనకు మక్కువ మెండు. ఆ ప్రతిభను గుర్తించి నిజాము ప్రభుత్వము విద్యార్థి వేతన మొసగి ఆయనను ఇంగ్లాండునకు పంపెను.

ఆ దేశమున కూపర్స్ హిల్ అను చోట రాయల్ ఇండియన్ ఇంజనీరింగు కళాశాల యుండెను. భారతదేశమున రోడ్లు, వంతెనలు, కాలువలు నిర్మించుటకు వలయు ఇంజనీర్లను తయారు చేయుటకే దానిని స్థాపించిరి. అందలి విద్యార్థులలో హెచ్చు మంది ఆంగ్లేయులు. స్వదేశమునకు దూరముగా, చలిదేశమున, పరభాషలో, కఠినమైన చదువును అహ్మద్ అలీ దీక్షతో పూర్తి చేసెను. 19వ శతాబ్ది చివర స్వస్థలమునకు మరలి వచ్చి, హైదరాబాదు రాజ్యపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరెను. పెద్ద చదువు చదివినను, క్రింది మెట్టు నుండియే పని ప్రారంభించెను. ఎండకు, వానకు వెరవక నేలను కొలిచి, వాగుల వాలును గమనించి, అనుభవమును సంపాదించుకొనెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ఉప్పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలాది ప్రాణములు నీటిపాలయ్యెను. అటువంటి విపత్తు మరల సంభవింపకుండ ఉపాయము చెప్పుటకు ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను 1909లో రప్పించెను. నగరమునకు ఎగువన రెండు జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని ఆయన సూచించెను. ఆ సూచన ప్రకారము ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియయ్యెను. ముంచివేయు నీరే మంచినీరై నగర ప్రజల దాహము తీర్చెను. ఈ కార్యముల కాలముననే 1918లో అహ్మద్ అలీ ప్రధాన ఇంజనీరు పదవి నలంకరించెను. నిజాము ప్రభువు ఆయన కొసగిన అలీ నవాజ్ జంగ్ అను బిరుదమే తరువాత ఆయన పేరుగా స్థిరపడెను.

ఆయన దృష్టి రాజధానికే పరిమితము కాలేదు. పల్లెలు పచ్చగా నున్నగాని పట్టణములు చల్లగా నుండవని ఆయన ఎరుగును. ఎల్లారెడ్డికి చేరువనున్న పోచారము వద్ద ఆలేరు వాగుకు అడ్డముగా ఆనకట్ట పని 1916లో మొదలై 1922లో ముగిసెను. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట ప్రాంతముల పొలములకు అది జీవనాధారమయ్యెను. ఇది చిన్న పని. పెద్ద పని దానికి కొంత దూరముననే ఆయన కొరకు వేచియుండెను. అదియే మంజీరానదికి కట్టవలసిన ఆనకట్ట.

అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ స్థలమును నిర్ణయించిరి. 1923లో నిర్మాణము ఆరంభమయ్యెను. ఆ దినములలో నేటివలె మహాయంత్రములు లేవు. రాతిని పగులగొట్టువారు, సున్నము నూరువారు, మట్టి మోయువారు, ఎడ్లబండ్లు తోలువారు వేల సంఖ్యలో పనిచేసిరి. సుమారు 3 కిలోమీటర్ల పొడవున రాతికట్టడము లేచెను. 1931లో పని పూర్తియయ్యెను. రాజు పేరిట దానికి నిజాంసాగర్ అని నామకరణము చేసిరి. సుమారు 30 శతకోటి ఘనపుటడుగుల నీరు అందు నిలిచెను. అక్కడినుండి బయలుదేరిన ప్రధానకాలువ సుమారు 155 కిలోమీటర్ల దూరము సాగి బాన్సువాడ, బోధను, నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతములకు నీరందించెను. 2,75,000 ఎకరములను తడుపవలెనని నాటి సంకల్పము.

ఇంత నీటిని ఎత్తిపోయుటకు యంత్ర మొక్కటియు అక్కరలేదు. నీరు తనంతట తానే పల్లమునకు పారునట్లు కాలువకు వాలు నిర్ణయించిరి. వాలు ఎక్కువైనచో వేగమునకు గట్లు కోసికొనిపోవును. తక్కువైనచో ఒండ్రు పేరుకొనును. ఈ రెంటికి నడుమ సరియైన కొలతను వందల మైళ్ల కాలువలకు నిర్ణయించుటయే ఇంజనీరు నేర్పు.

అయితే మహాకార్యము లేవియు మూల్యము లేకుండ సిద్ధింపవు. జలాశయము నిండునప్పటికి సుమారు 40 గ్రామముల ప్రజలు ఇండ్లను, పొలములను, దేవళములను, మసీదులను, పెద్దల సమాధులను విడిచి వెడలిపోవలసి వచ్చెను. దిగువ పొలములు పచ్చబడుటకు ఎగువ పల్లెలు మునిగినవి. పంట తిన్నవారు ఆ త్యాగమును మరువరాదు.

నీరు వచ్చెను. కాని నీరు వచ్చినంత మాత్రమున సంపద వచ్చునా? ఇదియే అప్పుడు తలయెత్తిన ప్రశ్న. నిజాంసాగర్ పూర్తియైన 1931 నాటికి ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించి యుండెను. 1929లో అమెరికాలో మొదలైన ఆ మాంద్యము సముద్రములు దాటి మన పల్లెలకును వచ్చెను. ధాన్యపు ధర పడిపోయెను. ఎక్కువ పండించినను తక్కువ సొమ్మే చేతికి వచ్చెడిది. కాలువ త్రవ్వించిన ప్రభుత్వమునకు పెట్టిన సొమ్ము తిరిగి రావలెను. నీటి తీరువ చెల్లించుటకు రైతునకు గిట్టుబాటు కావలెను. మంచి ధర పలుకు పంట యొకటి కావలసి వచ్చెను. అట్టి పంట చెరకు.

చెరకు దాదాపు ఏడాది పొడవున నేలలో నుండు పైరు. వేసవిలో సైతము దానికి తడి కావలెను. వానను మాత్రమే నమ్మి దానిని విస్తారముగా పెంచుట సాధ్యము కాదు. జలాశయము వెనుక నున్న రైతునకు ఆ ధైర్యము కలిగెను. ఇక చెరకునకు మరియొక స్వభావము కలదు. నరికిన గడను వెంటనే గానుగ ఆడవలెను. ఆలస్యమైనకొలది తీపి తరిగిపోవును. కాబట్టి చెరకును దూరదేశములకు పంపలేము. పొలము ప్రక్కనే గానుగయైన నుండవలెను, కర్మాగారమైన నుండవలెను. కామారెడ్డి ప్రాంతపు రైతులు గానుగలాడి బెల్లము వండి అంగడికి తెచ్చెడివారు. కామారెడ్డి బెల్లమునకు మంచి పేరు కలదు. కాని తెల్లని చక్కెర మాత్రము అధికభాగము విదేశమునుండి వచ్చెడిది.

ఆ విదేశము జావా ద్వీపము. అది అప్పుడు డచ్చివారి యేలుబడిలో నుండెను. సారవంతమైన నేల, మేలుజాతి చెరకు, పెద్ద కర్మాగారములు కలిగి జావావారు అతి చౌకగా చక్కెర తీసెడివారు. 1930 ప్రాంతమున ఏటేట సుమారు 10 లక్షల టన్నుల విదేశపు చక్కెర భారతదేశపు రేవులలో దిగెడిది. రేవునుండి రైలెక్కి మారుమూల అంగళ్లకు చేరెడిది. కామారెడ్డి మీదుగా పోవు రైలు మార్గము మన్మాడు వరకు సాగి, ఈ సీమను బొంబాయి రేవుతో కలిపి యుండెను. అందువలన సముద్రమునకు వందల మైళ్ల దూరమున నున్న రైతునకు సైతము జావా రైతుతో పోటీ తప్పలేదు.

ఈ పోటీనుండి స్వదేశపు పరిశ్రమను కాపాడుటకు ప్రభుత్వములు చేయు ఉపాయము దిగుమతి సుంకము. పరదేశపు సరకు రేవులో దిగగానే దానిపై పన్ను వేయుదురు. దానితో ఆ సరకు ధర పెరుగును. స్వదేశపు సరకు దానిముందు నిలువగలుగును. భారతదేశమున సుంకముల మండలి విచారణ జరిపి, చక్కెరకు రక్షణ అవసరమని సిఫారసు చేసెను. దానిననుసరించి 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ శాసనము వెలువడెను. సుమారు 51 కిలోల తూకమునకు 7 రూపాయల 4 అణాల చొప్పున సుంకము విధించిరి. దానిపై అదనపు పన్నును చేర్చిరి.

ఫలితము ఆశ్చర్యకరముగా నుండెను. 1931-32లో దేశమునందు సుమారు 30 చక్కెర కర్మాగారములు మాత్రమే పనిచేయుచుండెను. మూడు నాలుగేండ్లలో ఆ సంఖ్య సుమారు 130కి పెరిగెను. విదేశపు చక్కెర దిగుమతి ఐదారేండ్లలో నామమాత్రమయ్యెను.

హైదరాబాదు రాజ్యమునకు సముద్రతీరము లేదు. ఆ రాజ్యము తన సరిహద్దులలో వేరుగా సుంకము వసూలు చేసుకొనెడిది. దానికి కరోడ్‌గిరి యని పేరు. 1802 నాటి ఒడంబడిక ప్రకారము అది నూటికి 5 వంతులను మించరాదు. అంత చిన్న సుంకముతో పరిశ్రమను కాపాడుట దుర్లభము. కాని జావా చక్కెర బ్రిటిషు ఇండియా రేవులను దాటియే రావలెను గనుక, అక్కడ కట్టిన సుంకపు గోడ హైదరాబాదునకును చాటుగా నిలిచెను. అంతకు పూర్వమే 1929లో నిజాము ప్రభుత్వము పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చుటకు ఒక పారిశ్రామిక నిధిని నెలకొల్పి యుండెను. నీరు, పెట్టుబడి, రక్షణ అను మూడును ఒకచోట చేరెను. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపింపబడెను. బోధను ప్రక్కన శక్కర్‌నగర్ అను క్రొత్త పట్టణమే వెలసెను. కర్మాగారమునకు స్వంత చెరకు తోటలుండెను. కాలక్రమమున అది ఆసియాఖండమునందలి పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటిగా పేరు గాంచెను. కృష్ణా, గుంటూరు మండలములనుండి అనేక కుటుంబములు వచ్చి నిజాంసాగర్ కాలువల క్రింద స్థిరపడి వ్యవసాయము చేసినవి. అలీ నవాజ్ జంగ్ చక్కెర వ్యాపారి కాడు. అయినను ఆయన నిలిపిన నీరు లేనిచో ఆ కర్మాగారపు పొగగొట్టము లేచి యుండెడిది కాదు.

సుంకమునకు మంచి యెంత కలదో చెడుగు నంత కలదు. చక్కెర కొనువారు జావా ధరకంటె హెచ్చు ధర చెల్లించిరి. కర్మాగారములు త్వరత్వరగా వెలియుటచే కొన్నియేండ్లలోనే సరకు అవసరమునకు మించెను. 1934లో ప్రభుత్వము దేశీయ చక్కెరపై ఉత్పత్తి పన్ను విధించెను. చెరకునకు కనీసపు ధర నిర్ణయించు అధికారమును రాష్ట్రములకు ఇచ్చెను. సముద్రమునకు ఆవల జావాలో అనేక కర్మాగారములు మూతపడెను. కూలీలు పనులు కోల్పోయిరి. వారును బీదవారే. ఒక దేశపు రేవులో వేసిన పన్ను మరియొక దేశపు పల్లెలో పొయ్యిని ఆర్పగలదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

అలీ నవాజ్ జంగ్ కీర్తి హైదరాబాదు సరిహద్దులను దాటెను. సింధు దేశమున సుక్కూరు వద్ద నిర్మాణమున నున్న మహాసేతువును పరిశీలించుటకు 1929లో బొంబాయి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యతోపాటు ఆయనను నియమించెను. తెలంగాణమున వైరా, పాలేరు జలాశయములు ఆయన కాలముననే రూపొందినవి. తుంగభద్రా జలముల పంపకమును గూర్చి మదరాసు ప్రభుత్వముతో జరిగిన సంప్రదింపులలో ఆయన హైదరాబాదు పక్షమున పాల్గొనెను. 1938లో జాతీయ కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘమునకు జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షుడు. నదులు, నీటిపారుదల విషయమున ఆ సంఘము నియమించిన ఉపసంఘమునకు అలీ నవాజ్ జంగ్ అధ్యక్షత వహించెను. ఒక సంస్థానపు ఇంజనీరును రాబోవు స్వతంత్ర భారతమునకు జలమార్గము చూపుమని పెద్దలు కోరుట ఆయన విద్వత్తునకు దక్కిన గౌరవము. దేశము స్వతంత్రమై, హైదరాబాదు భారతదేశమున విలీనమైన మరుసటి యేడు, 1949 డిసెంబరు 6వ తేదీన, ఆయన పరమపదించెను.

ఆయన అనంతరము ఆయన కట్టడమునకు కష్టకాలము వచ్చెను. మంజీరా వరదతోపాటు మట్టిని కూడ మోసికొని వచ్చెడిది. నలుబది యేండ్లు గడచునప్పటికి జలాశయపు సామర్థ్యము సగమునకంటె తక్కువకు దిగెను. తరువాత నీటిమట్టమును పెంచి దానిని సుమారు 18 శతకోటి ఘనపుటడుగులకు తెచ్చిరి. ఎగువన సింగూరు ఆనకట్ట వెలసి, మంజీరా నీటిలో కొంత హైదరాబాదు నగరపు దాహమునకు మరలెను. బయటి వరద గోడను కదలింపలేకపోయెను గాని, లోపల పేరుకొన్న ఒండ్రు జలాశయపు సామర్థ్యమును తగ్గించెను.

కర్మాగారపు గతియు అట్లే యుండెను. స్వాతంత్ర్యానంతరము చాలకాలము దిగుమతులపై కట్టుబాట్లు కొనసాగినవి. 1991లో భారత ప్రభుత్వము ఆర్థిక సంస్కరణలు ఆరంభించెను. 1994లో చక్కెర కొరత కలుగగా సుంకము లేకుండ దిగుమతికి అనుమతించిరి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ యేర్పడెను. విదేశపు చక్కెర రాక హెచ్చగా, 2000లో సుంకమును నూటికి 60 వంతులకును, 2018లో నూటికి 100 వంతులకును పెంచిరి. గోడను ఒకసారి దింపుట, ఒకసారి ఎత్తుట జరిగినది. కాని బోధను కర్మాగారమును సుంకమొక్కటే కాపాడలేకపోయెను. యంత్రములు పాతబడినవి, చెరకు సాగు తగ్గినది, నష్టములు పేరుకొన్నవి. 2002లో దానిలో నూటికి 51 వంతులు ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. వందలాది కార్మికుల జీవనము తలక్రిందులయ్యెను. చెరకు పండించిన రైతులు అనేకులు వరికి మరలిరి.

ఈ రెండు కథలను కలిపి చదివినచో ఒక సత్యము తెలియును. సుంకము పసిమొక్కకు కట్టిన కంచెవంటిది. కంచె లేనిచో మొక్కను పశువు మేసివేయును. కాని కంచె నీరు పోయదు, ఎరువు వేయదు. కంచె కట్టి మొక్కను మరచినవాడు పంటను చూడజాలడు. 1932 నాటి సుంకము బోధను కర్మాగారమునకు ప్రాణము పోసెను. ఆ ప్రాణమును నిలుపుటకు కావలసినవి క్రొత్త యంత్రములు, మేలురకపు చెరకు, సకాలమున రైతునకు సొమ్ము, కాలువలో నీరు. వీనిని ఏటేట సమకూర్చుకొనవలెను.

అలీ నవాజ్ జంగ్ జీవితమున కనబడు గుణమును అట్టిదియే. ఆయన ఒక్క పెద్ద పని చేసి విశ్రమించినవాడు కాడు. కొలుచుట, లెక్కించుట, కట్టుట, కట్టినదానిని కాపాడుట ఆయనకు నిత్యవ్రతము. 2014 నుండి తెలంగాణమున ఆయన జన్మదినమైన జులై 11వ తేదీని ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోనే నిజాంసాగర్ ఉన్నది. ఆనకట్టపై నిలిచి చూచువారికి ఒకవైపు విశాలమైన జలరాశి, మరియొకవైపు దూరము వరకు పైరుపచ్చలు కనబడును. ఎగువన మునిగిన నలుబది పల్లెలను, దిగువన తడిసిన పొలములను, ఆ రాళ్లు మోసిన పేరు తెలియని కూలీలను ఏకముగా స్మరించుటయే ఆ మహనీయునకు సరియైన నివాళి.